వంద వాటాల మనిషి

"ఇక్కడ మన టీ దొరుకుతాదా తల్లీ?"

తెలుగు వినపడేసరికి ఎస్తర్ తలెత్తి చూసింది. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, మెళ్లో ఓడ ప్రయాణికుల కార్డు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి.

బర్మాలో, బోటాటౌంగ్ రేవు వీధిలోని వాళ్ల టీ కొట్టుకి అలాంటివాళ్లు రారు. తెలుగు మాట్లాడుతూ అసలే రారు.

"దొరక్కేటి బాబూ, కూకోండి. ఏ ఊరు మీది?" అంటూ మామగారు జ్ఞానదాసు బెంచీ తుడిచాడు.

"భీమిలి. యర్రయ్య అంటారు. తిలావా రేవులో ఆగిన ఓడలో వచ్చినాను."

ఎస్తర్ గబుక్కున ఆయన వైపు తిరిగింది. ఆ ఓడ లాండ్రీలోనే ఆమె భర్త ఎడ్విన్ రాజు పనిచేస్తున్నాడు. వెళ్లి ఎనిమిది నెలలైంది. భుజం మీదున్న నవోమికి నాలుగు నెలలు. ఓడ రెండు రోజులు సొంత ఊరి రేవులో ఉంటుందన్న మాటేగానీ, డ్యూటీ ఉంది, దిగే వీల్లేదని పొద్దున్నే ఫోన్ చేశాడు. రేపు రాత్రి ఓడ కదిలిందంటే తండ్రి బిడ్డని ఎత్తుకునేది ఇక ఏడాదికే.

"టిక్కెట్టు చానా అవుతాది గదా బాబూ?" జ్ఞానదాసు ఆరా తీశాడు.

యర్రయ్య నవ్వాడు. "ఆ కంపెనీలో నాకు వంద షేర్లున్నాయి. షేర్లున్నోళ్లకి ట్రిప్పుకి వంద డాలర్లు ఓడలోనే వాడుకోమని ఇస్తారు. సేతికివ్వరు. వాడుకోకపోతే పోతాది. ఈపాలి దాంతో మేడమీద హోటల్లో, తెల్లగుడ్డ పరిసిన బల్ల కాడ కూకుని భోంచేద్దారని ఆశ."

బోటాటౌంగ్ రేవులో ఒక్కో లాంచీకి ఇద్దరో ముగ్గురో వాటాదార్లుంటారు. వాటా ఉన్నవాడే యజమాని. పనివాణ్ణి పెట్టేదీ తీసేదీ అతనే. రెండు వాటాలవాడు వస్తుంటేనే జనం బెంచీల మీంచి లేస్తారు. ఇక వంద వాటాలంటే చెప్పేదేముంది.

జ్ఞానదాసు చెప్పులు విడిచాడు.

"ఊ యర్రయ్యగారూ," అని బర్మా మర్యాదా తెలుగు మర్యాదా కలిపి పిలిచాడు. "మావోడు ఎడ్విన్ రాజు మీ ఓడ లాండ్రీలోనే ఉన్నాడు. రేపొక్క గంట దింపండి బాబూ. బిడ్డని సూసుకుని ఎల్లిపోతాడు."

యర్రయ్య కంగారుపడ్డాడు. "నా సేతిలో ఏటీ నేదు బాబూ. వంద షేర్లకి ఆ ఓడలో ఒక్క మేకు కూడా నాది కాదు."

ఎస్తర్‌కి ఒళ్లు మండింది. ఇష్టం లేదని చెప్పేస్తే సరిపోయేదానికి ఈ సాకులెందుకు?

యర్రయ్య టీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఏ షిఫ్టు తల్లీ?"

"పగలు."

"ఉతికే మిషనా, మడతల మిషనా?"

"మాకేటి తెలుస్తాది," అంది ఎస్తర్ ముక్తసరిగా. ఉబుసుపోక అడుగుతున్నాడనుకుంది.

వెళ్లబోతూ ఆయన రెండు చేతులూ చాపాడు. "పాపని ఒకపాలి ఎత్తుకోనా?"

"పడుకుంది."

ఆమె భుజం మీంచి నవోమి కళ్లింత చేసుకుని ఆయన్నే చూస్తోంది. ఆయనా చూశాడు.

"పడుకోనీ తల్లీ," అని మెల్లగా వెళ్లిపోయాడు.

ఆ పూటంతా ఎస్తర్ కోపం గిన్నెల మీద చూపించింది.

మర్నాడు పదకొండింటికి కొట్టు ముందు బస్సు దిగింది ఎడ్విన్ రాజు.

ఎస్తర్ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. నవోమి కొత్తముఖం చూసి మూతి విరిచింది. ఏడవబోయి, అతని చొక్కా గుండీ దొరికేసరికి మానుకుంది. ఎడ్విన్ మానుకోలేకపోయాడు.

జ్ఞానదాసు మీసం దువ్వాడు. "సూసినావా? ఓనరుగోరు ఆర్డరేసినారు."

"ఏ ఓనరు?"

"వంద వాటాలాయన. యర్రయ్యగారు."

బిడ్డ తల మీంచి చెంప తీయకుండానే ఎడ్విన్ చెప్పాడు. "ఆర్డరేటి కాదు నాన్నా. ఓడ అడుగున మాకో అలవాటుంది. రేవులో దిగాలంటే మన షిఫ్టు ఇంకోడు సెయ్యాల. ఆడికి మనం వై-ఫై కార్డు కొనియ్యాల. నడిసముద్రంలో ఇంటోళ్ల మొకాలు సూడాలంటే అదే దిక్కు. నానేమో జీతమంతా ఇంటికి పంపీసినాను. నిన్న రాత్రి ఆయన తన వంద డాలర్లూ పెట్టి కార్డు కొని, మా లాండ్రీలోనే రాత్రి షిఫ్టు సేసే జకార్తా ఆయనకి పంపినారు."

ఎస్తర్ పాపని ఒక్క నిమిషం ఇవ్వలేకపోయాను కదా అని చేతులు నలుపుకుంది.

"ఆయన్ని ఎంటబెట్టుకు రావాల్సింది," అంది.

"రమ్మన్నాను. నీకున్నదే మూడు గంటలు, అందులో ఓ గంట నా మర్యాదలకే పోతాదన్నారు."

"ఓడ ఎప్పుడెల్తాది?"

"ఈ రాత్రికే."

జ్ఞానదాసుకి ఇంకా అంతుపట్టలేదు. "అది సరే. మేడమీద భోంచేసే మారాజుకి మీ అడుగునున్న అలవాట్లు ఎలా తెలిసినాయిరా?"

"మారాజేటి నాన్నా," అన్నాడు ఎడ్విన్, నవోమిని గుండెకి ఇంకాస్త దగ్గరగా తీసుకుని. "ఆ లాండ్రీలోనే ఇరవై రెండేళ్లు దుప్పట్లుతికి, జీతంలో మిగిల్చి ఒక్కో షేరూ కొనుక్కున్నోడు, కన్నకూతురు నడక నేర్సేక గానీ దాని మొకం సూడనోడు."