నెట్ రాని కాటా

కంప్యూటర్ కార్డును మళ్లీ గుర్తించలేదు.

జయపాల్ దాన్ని ఆపి, సీపీయూ పక్క రేకు విప్పాడు. నెట్‌వర్క్ కార్డును బయటికి లాగి, అంచును రబ్బరుతో రుద్ది, పక్క స్లాట్‌లో గుచ్చి మళ్లీ ఆన్ చేశాడు. కాటా గది కిటికీలో నాలుగైదు తలలు ఒకేసారి ముందుకు వంగాయి.

"వచ్చిందా?"

"లేదు బాబాయ్."

కంకిపాడు దాటాక రోడ్డు పక్కన ఉన్న రైస్ మిల్లు అది. గేటు దగ్గరే వేబ్రిడ్జి. ధాన్యం ట్రాక్టర్ దానిమీద ఎక్కితే, ఆ బరువు ఈ కంప్యూటర్‌లోంచి నేరుగా సర్కారు ఆన్‌లైన్‌లోకి వెళ్లాలి. అలా వెళితేనే మద్దతు ధర. చేత్తో రాసిన చీటీ చెల్లదు. కంప్యూటరేమో ముసలిది. కిందటి వానాకాలం పిడుగు పడి దాని సొంత పోర్టు మాడిపోతే, విడిగా ఒక కార్డు పెట్టి జయపాలే దాన్ని బతికించాడు. ఇవాళ పొద్దున్నుంచీ నెట్ లేదు.

బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరాయి. బందరు వైపు ఆకాశం నల్లబడుతోంది. తుఫాను కబురు విని హడావిడిగా మాసూళ్లు కానిచ్చి తెచ్చిన ధాన్యం. ఒక్క వాన పడిందా, తేమ శాతం పెరుగుతుంది, గింజ రంగు మారుతుంది, ఆపైన కొనే నాథుడుండడు.

వరసలో మొదటి ట్రాక్టర్ సొలొమోనుది. కౌలు రైతు. ఈ ధాన్యానికి సరైన ధర రాకపోతే కౌలు కట్టలేడు. వచ్చే పంటకు ఆ చేను ఇంకొకరి చేతికి పోతుంది. మిల్లుకు రాగానే ఆ సంగతి జయపాల్‌కు చెప్పుకున్నాడు కూడా. జయపాల్ తండ్రీ అతనూ ఒకే గట్టు మీద కూర్చుని అన్నం తిన్నవాళ్లు. "మనోడు లోపలున్నాడు, మనకేం పర్లేదు" అని వెనకవాళ్లకు ధైర్యం చెబుతున్నదీ అతనే.

జయకృష్ణ అనే రైతు ఓపిక నశించి కిటికీలోకి తన ఫోన్ చాపాడు. "దీంట్లో బోలెడు నెట్టుంది. ఇదిచ్చి చావొచ్చుగా దానికి!"

"ఇది వైరుంటేనే తీసుకుంటుందండి."

"ముసలిదానికి చాదస్తం కూడానా!"

అందరూ నవ్వారు. జయపాల్‌కు నవ్వు రాలేదు. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. కేబుల్ మార్చాడు. కొత్త కార్డు కోసం బెజవాడలో వాకబు చేయమని ఎవరో అంటే, ఈ పాత బోర్డుకు సరిపోయేవి ఇప్పుడు దొరకడం లేదన్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

మిల్లు యజమాని రామ్మూర్తి ఏసీ గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మిల్లులో కంప్యూటర్లూ కెమెరాలూ చూసేది జయపాలే. పటమటలో అతని చిన్న షాపు ఈ మిల్లు పుణ్యాన నడుస్తోంది.

"ఏమయ్యా, ఏమైంది?"

"ఇంకా లేదండి."

"నీలాంటోణ్ణి నమ్ముకున్నందుకు వీళ్లందరి ముందూ నేను దోషినయ్యా!" అని రైతులకు వినపడేలా కసిరాడు. "సరే, చూస్తూ ఉండు" అని వెళ్లిపోయాడు.

జయపాల్ తల దించుకుని స్క్రూ బిగించాడు. ఇంత నీచమైన రోజు తన బతుకులో లేదనిపించింది.

మధ్యాహ్నం సొలొమోను క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెరుగన్నం, మాగాయ ముక్క. "తిని చెయ్యి నాయనా" అన్నాడు. ఆకలి లేదన్నాడు జయపాల్. సొలొమోను ఊరుకోలేదు. తలకున్న తువ్వాలు తీసి, ఆయుధపూజ నాటి కుంకుమ బొట్లు ఇంకా చెరగని ఆ సీపీయూ మీద ఒక చెయ్యి, జయపాల్ చేతుల మీద ఇంకో చెయ్యి ఉంచి కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఈ బిడ్డ చేతుల్ని దీవించయ్యా. మా కష్టం నీళ్లపాలు కానీకయ్యా."

కిటికీ అవతల జయకృష్ణ కూడా చేతులు జోడించాడు. సొలొమోను ఆమెన్ అన్నాడు. జయపాల్ మళ్లీ స్క్రూల మీదికి వంగాడు.

పొద్దు వాలుతుండగా మొదటి చినుకులు పడ్డాయి. పట్టాలు కప్పుతూ రైతులు అటూ ఇటూ పరుగులు తీశారు. సరిగ్గా అప్పుడే ఒక ధాన్యం దళారి వచ్చి కారు దిగాడు. బస్తాల లెక్కన తీసుకుంటానన్నాడు. అతను చెప్పిన ధర విని జయకృష్ణ బూతులు తిట్టాడు. వాన పెరిగే కొద్దీ తిట్లు తగ్గాయి. కాసేపటికి అతనే మొదట ఒప్పుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరూ తలలూపారు. బస్తాలన్నీ దళారి లారీల్లోకి ఎక్కాయి.

చివరికి సొలొమోను కూడా అమ్మేశాడు. తడిసిన బట్టలతోనే కాటా గదిలోకి వచ్చి, ముట్టని క్యారేజీ చేతిలోకి తీసుకున్నాడు.

"బాబాయ్..." అన్నాడు జయపాల్.

"నీ తప్పేముందిరా. పొద్దున్నుంచీ మెతుకు ముట్టకుండా మా కోసమే పాటుపడ్డావు. మన రాత అంతే. మీ నాన్నుంటే నిన్ను చూసి ఎంత మురిసిపోయేవాడో." సొలొమోను అతని భుజం తట్టి వానలోకి నడిచాడు.

ఖాళీ ట్రాక్టర్లన్నీ వెళ్లిపోయాయి. గేటు మూశారు. రామ్మూర్తి గొడుగు వేసుకుని వచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఇక కానియ్ జయపాల్."

దళారి మొదటి లారీ కాటా మీదికి ఎక్కగానే, పొద్దున రైతులెవరూ రాకముందు తన చేత్తోనే ఊడదీసిన మంచి కార్డును జయపాల్ జేబులోంచి తీసి మళ్లీ దాని చోట గుచ్చాడు.