రెండు మిల్లీమీటర్లు

"ముట్టుకోకు!"

ఇద్దరు ముసలాళ్లూ ఒకేసారి అరిచారు. పచ్చిక మీద మోకాళ్లపై కూర్చున్న టెగన్ చేయి గాల్లోనే ఆగిపోయింది.

ఆమె ముందు చిన్న తెల్ల బంతి. దానికి అటు డెస్మండ్ దొర్లించిన నల్ల బంతి, ఇటు అందరూ 'టేపు' అని పిలిచే ముసలాయన దొర్లించిన ఎర్ర బంతి. తెల్లదానికి దగ్గరగా ఆగినదే గెలుపు; ఏది దగ్గరో కొలిచి చెప్పాలి. ఆస్ట్రేలియాలో హోబార్ట్ ఊళ్లోని ఆ క్లబ్బులో ప్రతి బుధవారం ఆమె పని అదే.

చదువు వేరు. అంతర్జాతీయ అధ్యయనాల్లో ఆనర్స్. డిగ్రీ పైన ఒక ఏడాది, ఒకటే పరిశోధన. చేపల వేట హద్దు కోసం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఏడేళ్లు తగువులాడి, ఆఖరి మూడు రోజుల్లో ఎలా రాజీపడ్డాయన్నది ఆమె ప్రశ్న. ఆ మూడు రోజుల రికార్డు ఖాళీ. గదిలో ఉన్నది ఇద్దరే. ఆస్ట్రేలియా తరఫున డెస్మండ్ ప్రౌజ్, న్యూజిలాండ్ తరఫున మారిస్ టూహీ.

ప్రౌజ్ దొరికాడు. టూహీ జాడ లేదు. వెల్లింగ్టన్‌కి రాసిన మూడు ఉత్తరాలూ 'ఇల్లు మారారు' అన్న ముద్రతో తిరిగొచ్చాయి.

"ఒక పక్క మాటే వింటే అది పరిశోధన కాదు, ఫిర్యాదు," అని ఆ ఉదయమే తేల్చేసింది ఆమె పరిశోధన గైడ్ ఎల్స్‌పెత్. "శుక్రవారంలోగా టూహీ దొరక్కపోతే ఆ అధ్యాయం తీసెయ్."

"తీసేస్తే ఇంకేం మిగులుతుంది?"

"అట్ట."

టెగన్ కొలత టేపు సాగదీసింది. "నల్లదే దగ్గర. డెస్, ఒక్క మాట. టూహీ గారు అసలు బతికే ఉన్నారా?"

"నాతో సంతకం పెట్టించుకున్న అనుమతి పత్రం ఎవరు రాశారు?" అన్నాడు డెస్మండ్.

"నేనే."

"మూడో పేజీ చదువుకో. ఇంకొకరి వివరాలు వాళ్లు ఒప్పుకోకుండా చెప్పకూడదు. ఒక్క కామా కోసం ఏడేళ్లు కొట్టుకున్నవాణ్ణి నేను. సంతకం పెట్టాక దాటను."

ఆ వాక్యం యూనివర్సిటీ నైతిక సంఘం పట్టుబట్టి రాయించింది. తన గోతికి తనే సంతకం చేయించుకుంది టెగన్.

"చచ్చుంటాడులే," అన్నాడు టేపు, నల్ల టోపీ సర్దుకుంటూ.

"వాడా? మొండి వెధవ. అంత తేలిగ్గా చావడు," అన్నాడు డెస్మండ్.

జేబులో టేపు లేనిదే గడప దాటడు కాబట్టి ఆయన అందరికీ టేపు. బార్‌లోని బట్టతలాయన్ని 'ఉంగరాల జుట్టు' అని పిలిచే క్లబ్బు అది. అసలు పేర్లు ఎవరూ అడగరు. టెగనూ అడగలేదు.

"వాడు దొరికినా నీతో ఎందుకు మాట్లాడాలి?" అన్నాడు టేపు. "నీ దేశం వైపే రాస్తావుగా."

"ఇద్దరివీ సమానంగా రాస్తాను."

"అందరూ అనే మాటే."

అది సీజన్‌లో ఆఖరి ఆట. గెలిచినవాడికి మూతలేని టీ కెటిల్ బహుమతి. దానికోసం ఇద్దరూ ఏడాదంతా కొట్టుకున్నారు. ఆఖరి బంతులు తెల్లదానికి చెరో పక్కన అతి దగ్గరగా ఆగాయి.

డెస్మండ్ వంగి ఆమె చెవిలో అన్నాడు. "నేను గెలిస్తే మహా హుషారుగా ఉంటాను పిల్లా. నోరు కూడా కాస్త వదులవుతుంది."

టెగన్ కొలిచింది. మళ్లీ కొలిచింది.

"ఎర్రది. రెండు మిల్లీమీటర్లు. టేపు గెలిచారు."

"కళ్లజోడు పెట్టుకుని చూడు!"

"నాకు కళ్లజోడు లేదు డెస్."

"నీ పరిశోధన సంగతి ఆలోచించే అంటున్నావా?"

ఆమె కొలత టేపు చుట్టేసింది. ఉన్న ఒక్క ఆధారమూ చేజారుతోంది. "దాని సంగతి ఆలోచించే అంటున్నాను. ఎర్రదే."

డెస్మండ్ ఆమెను గుచ్చి చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చూశావా?" అన్నాడు టేపుతో. "ఈ పిల్ల వంకరగా కొలవదని సీజనంతా మొత్తుకుంటున్నానా లేదా?"

టేపు మొదటిసారి టోపీ తీశాడు. "అమ్మాయ్, ఆ కాగితం ఇంకోటి ఉందా?"

"ఏ కాగితం?"

"మూడో పేజీ ఉన్నది."

అర్థంకాకపోయినా టెగన్ సంచిలోంచి తీసిచ్చింది. ఆయన బెంచీ మీద కూర్చుని నాలుగు పేజీలూ చదివాడు. ఈలోగా పక్కన పళ్లెంలో ఆయన తినడానికి తెచ్చుకున్న సాసేజి చల్లారిపోయింది. రెండో పేజీలో ఒక కామా కొట్టేశాడు.

"ఆ కామా ఉండాలి!" అరిచాడు డెస్మండ్.

"అక్కర్లేదు," అంటూ టేపు కింద పేరు రాసి, సంతకం గిలికి, కాగితం టెగన్‌కి అందించాడు.

ఆమె చదివింది.

మారిస్ టూహీ.