గొంతుబిళ్ల

ఇప్పుడు బిడియపడే పిల్లలందరికీ బడివాళ్లే మెడ మీద గొంతుబిళ్ల అతికిస్తున్నారు. పిల్లలు పెదవి విప్పక్కర్లేదు, వాళ్ల గొంతుతోనే ఆ బిళ్ల చకచకా జవాబులు చెప్పేస్తుంది.

"మీ తన్మయికి పూర్తిగా నయమైందండీ" అంది తొమ్మిదో తరగతి టీచరు, గర్వంగా.

"నయమా? నలుగురిలోకి వెళ్లాలంటే దానికి ఇప్పటికీ చేతులకు చెమటలు పడుతున్నాయి. నీకేం భయమమ్మా అని ఒక్కరైనా కూర్చోబెట్టి అడిగారా?" అన్నాను.

"అంత తీరిక ఎవరికుందండీ? అయినా మాట్లాడుతోందిగా!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి, "బిళ్ల తీసేద్దామా?" అని నా కూతుర్ని అడిగాను. తన్మయి తలూపింది.

శుక్రవారం మా ఇంట్లో పేరంటం. పిలుపుకి ఇద్దరం కుంకుమభరిణె పట్టుకుని పక్కింటి సుభాషిణి దగ్గరికి వెళ్లాం. బొట్టు పెడుతుంటే తన్మయి వేలి నుంచి కుంకుమ ఆవిడ ముక్కు మీద రాలింది.

"అ... అత్తయ్యా, పేరంటానికి రండి" అంది, వినపడీ వినపడకుండా.

"అయ్యో, బిళ్ల పాడైందా? ముందు బాగుచేయించు వదినా!" అంది సుభాషిణి.

"పాడవలేదు, పీకేశాం. పిల్ల మాట్లాడుతోంది. కాస్త ఆగి విను!"

సుభాషిణి తన్మయి వైపు తిరిగింది. మేమిద్దరం ఎదురుచూశాం.

"సాయంత్రం అయిదింటికి, అత్తయ్యా."