మేనమామ పీట

“మేనమామ యాడ సామీ? ఎండ ఎక్కతా ఉండాది!”

తిరుత్తణి కొండమీద, గుండ్లు కొట్టే మండపంలో మంగలి మునెయ్య కత్తి కడుక్కుని మరోసారి కేకేశాడు. ఏడాది నిండిన పాపకు పుట్టువెంట్రుకలు తీయాలి, చెవులు కుట్టాలి. రెండూ మేనమామ ఒడిలోనే జరగాలి. ఆ పక్క ఏ ఇంట్లోనూ ఈ విషయంలో బేరాల్లేవు. మేనమామ కూర్చునే పీట కూడా పుట్టింటి నుంచే రావాలి.

పీట వచ్చింది. పాప అమ్మమ్మ మునిలక్ష్మి దాన్ని పొదటూరుపేట నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని, కొండమెట్లు చంకనేసుకుని ఎక్కి తెచ్చింది. తెచ్చి, దానిమీద తనే కూర్చుంది. అందరికీ వీపు తిప్పేసింది.

దీనికంతటికీ కారణం కూతురు కాంచన. తిరువళ్లూరు ఆసుపత్రిలో నర్సు. ఆమెకు తోడబుట్టినవాడు ఇప్పుడు లేడు. అలాంటప్పుడు పెదనాన్న కొడుకు షణ్ముగం కూర్చోవడం న్యాయం. అతను కొత్త పంచె కట్టుకుని సిద్ధంగానే ఉన్నాడు. కాంచన అతనివైపు చూడనైనా చూడలేదు. మండపం బయట చెప్పుల దగ్గర ఒదిగి నిలబడ్డ మనిషిని పిలిచింది.

“ఏసూ, లోపలికి రా.”

అంతే, మండపం అంటుకుంది.

“పేరే ఏసు! మురుగన్ కొండమీద వీడా మేనమామ?” షణ్ముగం గొంతు కింది మెట్లదాకా వినిపించింది. “వీడికి మన గడప తొక్కే యోగ్యత ఉండాదా? మేమంతా చచ్చినామా?”

“నువ్వు బాగుండన్నా. ఈ పీటమీద మాత్రం వాడే కూచుంటాడు.”

కాంచన భర్త దామోదరం టెంకాయలు కొనే నెపంతో అవతలికి జారుకున్నాడు. భార్య పుట్టింటి గొడవలో నోరు తెరిస్తే ఏమవుతుందో అతనికి పెళ్లైన కొత్తలోనే తెలిసొచ్చింది.

ఏసు కవరైపేట్టై మనిషి. ఒకప్పుడు ఇటుకల లారీ నడిపాడు. చేతులు విరిగిన తర్వాత మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఇప్పుడు బట్టీలో ఇటుకలు మోస్తున్నాడు. వంకర తిరిగిన వేళ్లతో ఒక చిన్న మూట పట్టుకున్నాడు. అందులో పాపకు పట్టుపావడా, బంగారు కమ్మలు. మేనమామ తేవాల్సిన సీరు, అదే సారె. దేన్నీ మరిచిపోలేదు.

“వాళ్లకు నువ్వేమవతావప్పా?” మునెయ్య ఉండబట్టలేక బయటికొచ్చి అడిగాడు.

“ఏమీ కాను. రోడ్డు కేసు కింద నన్ను తెచ్చి ఆస్పత్రి వరండాలో పారేసి పోయినారు. రెండు చేతులూ విరిగినాయి, తల పగిలింది. నీళ్లు నీళ్లని మొత్తుకున్నా. ఒక్కడు దగ్గరికి రాలేదు. ఆయక్క వచ్చింది. తలకు కట్టు కట్టింది. చెంచాతో గంజి తాపింది.” ఏసు మూటను చంకలోకి మార్చుకున్నాడు. “కట్టు కట్టినంతసేపూ ఏడస్తానే ఉన్నింది. నాకోసరమే ఏడస్తా ఉందనుకున్నా.”

మునెయ్య మళ్లీ కత్తి కడుక్కోవడానికి లోపలికి పోయాడు.

లోపల షణ్ముగం పట్టు వదల్లేదు. “ఆస్పత్రిలో చేసినావు, సరే. అది నీ డ్యూటీ, అంతటితో వదిలెయ్యాల. కన్నతల్లి ఎదురుగా వాడిని తెచ్చి నిలబెట్టేదానికి నీకు మనసెట్ల వచ్చింది?”

“డ్యూటీ అని తాపలేదు. వాడెవడో తెలిసే తాపినా.” కాంచన పాపను భుజం మార్చుకుంది. “ఆ దినం చేసింది తప్పైతే ఈ దినం చేసేది కూడా తప్పే. ఇంకా చేస్తా. మీకు ఇష్టం లేకపోతే పోండి. నేనూ, నా బిడ్డా, వాడూ చాలు.”

“ఊర్లో ఎవురైనా అడిగితే ఏం చెప్తావే?”

“నా తమ్ముడని చెప్తా!”

మునిలక్ష్మి వీపు ఒక్కసారి కదిలింది, అంతే. ఆమె లేచి కొండ దిగితే చుట్టాలంతా ఆమె వెంటే దిగుతారు. ఆ సంగతి కాంచనకూ తెలుసు.

ఏసు లోపలికి వచ్చి మూటను పీట పక్కన పెట్టాడు. “నేను పోతానక్కా. కమ్మలు మాత్రం బిడ్డకు పెట్టు.”

“కదిలినావంటే చూడు!” కాంచన అతన్ని కసిరి, తల్లి వెనక్కి వెళ్లి నిలబడింది. “అమ్మా, ఒక్కమాట చెప్పు. ఆ దినం ఆ వరండాలో నా బదులు నువ్వుండి, వాడు నిన్ను నీళ్లడిగుంటే లేదనుందువా?”

మునిలక్ష్మి మోకాళ్లమీద చేతులు ఆనించి లేచింది.

గెలిచాననుకున్న షణ్ముగం పంచె సర్దుకుని ముందుకొచ్చాడు. “జరుగు చిన్నమ్మా, నేను కూచుంటా.”

ఆమె చెయ్యి అడ్డం పెట్టి అతన్ని ఆపింది. వంగి, కొంగుతో పీట తుడిచింది. ఎక్కడా దుమ్ము లేకపోయినా రెండోసారి కూడా తుడిచింది. తర్వాత మనవరాలిని కాంచన భుజంమీది నుంచి తీసుకుని, ఆ వంకర వేళ్ల మనిషివైపు తిరిగింది.

“కూచో ఏసూ, ఆ దినం నీ లారీ కింద నలిగి చచ్చిపోయిన నా కొడుకు నటరాజుది ఈ పీట, వాడి బదులు ఈ బిడ్డను నువ్వే మోయాల.”