మనం అన్న పాపానికి

“మనం అన్నావక్కా. దొరికిపోయావు,” అన్నాడు ఫోనులోంచి ‘మీటరు’ అనే అతను.

కుట్టుమిషను చక్రం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. “అంటే ఏమైంది?”

“ఏమైందా? దొంగవి నువ్వేనని తేలిపోయింది.”

ఆటేమంత గొప్పది కాదు. ఫోనులో ఒక బంగళా. అందులో ఆరుగురు. ఒక్కరే దొంగ. దీపాలు ఆరినప్పుడల్లా ఆ దొంగ ఒకరిని మాయం చేస్తాడు. దీపాలు వెలిగాక మిగిలినవాళ్లు పోట్లాడుకుని, ఓట్లేసి, అనుమానమున్న మనిషిని బయటికి గెంటాలి. అప్పటికి ముగ్గురు మాయమయ్యారు. ఇక మిగిలింది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే మీటరు, ఆసుపత్రిలో అన్నం తింటూ ఆడుతున్న నర్సమ్మ, చొక్కాలకు కాజాలు కుట్టే ఈమె. ఆటలో అందరికీ కాజాలక్క. ఈసారి తప్పు మనిషిని గెంటారంటే దొంగ గెలిచినట్టే.

ఆటే కదా, పోతే పోయింది అనేవాళ్లు అంటారు. వాళ్లకు మాట్లాడే మనుషులున్నారు మరి. ఈమెకెవరున్నారు? కంపెనీ వ్యాను వస్తుంది, గుమ్మం ముందు మూట పడేస్తుంది, పోతుంది. డ్రైవరు ఇంజను కూడా ఆపడు. గదిలో ఒక మిషను, ఒక మంచం, గోడ వారగా చేతులు వేలాడేసిన చొక్కాల గుట్ట. పొద్దుటి నుంచీ పని చేసే మనిషికి గొంతు పెగిలేది ఈ కాసేపే. పైగా ఇవాళ ఆట మొదలుపెట్టే ముందు, ఆదివారం అందరం పార్కులో కలుద్దామని అనుకున్నారు. ఆమె కూడా వస్తానంది. ఇన్నాళ్లూ గొంతులే తప్ప మొహాలు లేని ఈ మనుషులు తనను నమ్మాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

“‘మనం తొందరపడొద్దు’ అన్నావా లేదా ఇందాక?” మీటరు వదల్లేదు.

“అన్నాను. తొందరపడొద్దంటే తప్పా?”

“తొందర సంగతి వదిలెయ్యి. ‘మనం’ సంగతి చూడు. రోజూ నీ మాట వింటున్నానక్కా నేను. నువ్వు దొంగ కాని రోజు ‘మీరెలా అంటే అలా’ అంటావు, ‘మీలో ఎవరో’ అంటావు. మేమంతా ఇంట్లోవాళ్లం, నువ్వొక్కదానివే గుమ్మంలో నిలబడ్డట్టు. దొంగవైన రోజు మాత్రం ఎక్కడలేని ప్రేమా పొంగుకొస్తుంది నీకు. మనం, మనవాళ్లు, మనలో మనకేంటి!”

అవతల స్పూను కంచంలో పడిన చప్పుడు. “అమ్మో, నిజమే!” అంది నర్సమ్మ. “మొన్న కూడా ‘మనల్ని మనం నమ్ముకోకపోతే ఎలా తల్లీ’ అని నన్ను నిలువునా ముంచలేదూ? నేను కరిగిపోయి ఓటు మార్చుకున్నా. మళ్లీ దీపాలారగానే మాయం చేసింది నన్నే!”

“అదీ సంగతి,” అన్నాడు మీటరు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. తన గురించి తనకే తెలియని నిజం. దొంగ వేషం కట్టిన రోజు ఆ మాట ధారాళంగా వచ్చేస్తుంది. మామూలు రోజున నాలుక తిరగదు.

“ఆదివారం కలుస్తున్నాం కదా... నోటికి అలా వచ్చేసింది,” అంది చివరికి.

“సెంటిమెంటు కొట్టకక్కా,” నర్సమ్మ పకపకా నవ్వింది. “నీ అంత అబద్ధాలకోరుని నేనెక్కడా చూడలేదు. ఆదివారం నీ పక్కన కూర్చోను, పో.”

తమాషాకే అంది. అయినా గుచ్చుకుంది.

“నేను కాదమ్మా దొంగని. ఒట్టు.”

“ఏ దొంగ అవునన్నాడు గనక? సరే, నేను వార్డుకెళ్లాలి, తెమల్చండి. మీటరు ఓటు నీకే. నా ఓటు ఎటు పడితే అటు తేలిపోతుంది. ఇంతకీ నువ్వు కాకపోతే మీటరేనా? ఊఁ అను చాలు. నువ్వూ నేనూ కలిసి గెంటేద్దాం.”

“నా పేరే చెప్పక్కా,” అన్నాడు మీటరు మెత్తగా. “నేనేమీ అనుకోను.”

ఒక్క ‘ఊఁ’ చాలు. గండం గడిచిపోతుంది.

ఆమె ఫోను వైపు చూసింది. టోపీ పెట్టుకున్న చిన్న బొమ్మ పక్కన మీటరు పేరు వెలుగుతోంది. ఎప్పుడు మీరు అందో, ఎప్పుడు మనం అందో, అన్నీ విన్నాడు. తప్పు పట్టడానికే విన్నాడనుకుందాం. విన్నాడు కదా! ఈ గోడలు వినలేదు, ఆ వ్యానువాడు వినలేదు. ఒక మనిషి కూర్చుని ఆమె మాటలు ఒక్కొక్కటే ఏరి దాచుకున్నాడు.

“మీటరు కాదు,” అంది.

“ఏంటీ?”

“మీటరు కాదమ్మా. మనిషి మాట ఇంత శ్రద్ధగా వినేవాడు దొంగ ఎలా అవుతాడు?”

“అంటే దొంగని నేనా?” నర్సమ్మ గయ్యిమంది. “పోనీలే పాపమని దారి చూపిస్తే తిప్పి నా మీదకే తోస్తావా? అయిపోయావు, పో!”

ఓటు పడింది. కాజాలక్క బొమ్మ బంగళా మెట్లు దిగి చీకట్లో కలిసిపోయింది. గెంటేసినవాళ్లకు మైకు ఉండదు. గొంతు చించుకున్నా అవతలికి వినపడదు. అయినా ఆమె ఫోను నోటి దగ్గరకు తెచ్చుకుని, “బాగా విన్నావు తమ్ముడూ,” అంది.

తెర మీద అక్షరాలు వెలిగాయి: “దొంగ గెలిచాడు. దొంగ పేరు, మీటరు.”