దాచిన సీసా

వెనక షెడ్డులో గాజు చప్పుడైంది. వంటింట్లో కూర కలుపుతున్న సారలమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఆమె భర్త జైపాల్ షిఫ్టు దిగి అప్పుడే గని నుంచి వచ్చాడు. స్నానం చేయలేదు. చాయ్ అడగలేదు. నేరుగా ఇంటి వెనకున్న రేకుల షెడ్డులో దూరాడు.

"ఏం జేస్తున్నవ్ అండ్ల?"

"ఏం లే. పానా దేవులాడుతున్న."

బయటికొచ్చినప్పుడు అతని చేతిలో పానా లేదు. ఆమె వైపు చూడకుండా తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లిపోయాడు.

సారలమ్మకు అనుమానం గట్టిపడింది. సీసా ఇంట్లోనే ఉంది.

తాగుడు ఆ ఇంటిని ఎంత గోస పెట్టిందో గోదావరిఖనిలో ఆ వాడంతటికీ తెలుసు. కూతురు భవ్య పురిటికి కూడా పుట్టింటికి రాలేదు. "మందు వాసనొచ్చే ఇంట్ల నా బిడ్డను పండవెట్ట" అని తెగేసి చెప్పింది. మనవరాలిని సారలమ్మ ఇంతవరకూ ఫోన్‌లోనే చూసుకుంది.

ఆ మాట తగిలాకే మొగుడూ పెళ్లాం కలిసి దవాఖానకు వెళ్లారు. తాగుడు మాన్పించే మైత్రి మేడం ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మానాలనుకునుడు మంచిదే. కానీ అనుకుంటెనే అయిపోదు. ఇంట్లవాళ్లు అండగుండాలె. నాతోని అయితదన్న నమ్మకం ఉండాలె. సీసా కండ్లవడితే ఏం జెయ్యాల్నో ఇయ్యాల్నే అనుకోండ్రి. అప్పుడు ఆలోచిద్దామంటే బుద్ధి పనిజెయ్యది."

ఇద్దరూ తలలూపారు. ఇంటికి రాగానే సీసాలన్నీ పారబోశానని జైపాల్ ఒట్టు కూడా వేశాడు.

మరి ఈ చప్పుడేమిటి?

మర్నాడు అతను డ్యూటీకి వెళ్లగానే సారలమ్మ షెడ్డు తలుపు తీసింది. పాత కూలర్ జరిపింది. సిమెంటు సంచులు దులిపింది. కట్టెల సందుల్లో చెయ్యి పెట్టి చూసింది. నోరు ఎండిపోతోంది. ఇన్నాళ్లూ తనను మోసం చేశాడా?

మూలన పడున్న గని బూటులో, గుడ్డపేలికల కింద, వేళ్లకు చల్లగా తగిలింది. సగానికి పైగా నిండిన బ్రాందీ సీసా.

మూత తిప్పింది. వాసన గుప్పుమంది. కాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత, ముందే అనుకున్నట్టు, మోరీ దగ్గరికి పరుగెత్తి చివరి చుక్క దాకా వంపేసింది. తలుపు దగ్గరికేసి, పక్కింటి అవ్వ దగ్గరికి పోయి కూర్చుంది. జైపాల్ వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

అతను వచ్చేసరికి ఖాళీ సీసా గడప మీద ఉంది. చూడగానే ముఖం పాలిపోయింది.

"ఒట్టు వెట్టి గిట్ల జేస్తవా?" పక్కింటి నుంచి వచ్చి సారలమ్మ నిలదీసింది.

"ఒక్కటే ఉంచిన. మల్ల వణుకుడు మొదలైతే ఎట్లని భయమైంది."

"నమ్మకం లేకనే గద!"

జైపాల్ తల వంచుకున్నాడు. సీసాను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇందులున్నది ఏం జేసినవ్?"

"మోర్ల పారవోసిన."

జైపాల్ దగ్గరికొచ్చి, ఆమె గడ్డం పట్టుకుని నోరు వాసన చూసి, తడిసిన కళ్లతో కూతురికి ఫోన్ కలిపాడు: "బిడ్డా, పాపను ఎత్తుకొని రా, మీ అమ్మ తాగుడు బంద్ జేసింది."