ఆరంకెలు

ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేయడానికి ఆ రోజే ఆఖరు. కోవూరు బజారులో పెంచలకృష్ణ ఆన్‌లైన్ సెంటర్ ముందు జనం ఎండలో గొడుగులు వేసుకుని మరీ నిలబడ్డారు. నెలల తరబడి నిద్రపోయి ఆఖరి రోజు పరుగెత్తడం మనవాళ్ళకు కొత్త కాదు.

మాలకొండమ్మ మాత్రం తలుపులు తీయకముందే వచ్చి కూర్చుంది. హైస్కూల్లో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. ఆమెకొచ్చే పింఛనుకు పన్నూ లేదు, రిటర్నూ అక్కర్లేదు. ఆ మాట కృష్ణ ఏటా చెబుతాడు. "గవర్నమెంటుతో మనకెందుకబ్బయా, వేసెయ్" అని ఆమె కూడా ఏటా అంటుంది.

అసలు తంటా ఓటీపీతోనే. ఆమె ఆధార్‌కు ఉన్నది చెల్లెలు ఆదిశేషమ్మ నంబరు. ఒకప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను. తర్వాత కాలవ పక్క అరెకరం దగ్గర మాటలు పోయాయి. ఆ ఫోను తీసుకుని చెల్లెలు మనుబోలు వెళ్ళిపోయి ఆరేళ్ళయింది.

"ఆధార్ సెంటరు పక్కవీధిలోనే గదమ్మా. నంబరు మార్పించుకోరాదా?"

"వచ్చే ఏడు చూద్దాంలే."

ఏటా ఇదే జవాబు. ఏటా అదే ఫోను. అక్క "నంబరు చెప్పు" అంటుంది. చెల్లెలు ఆరంకెలు చెప్పి పెట్టేస్తుంది. అదీ ఒక్కసారితో పోదు. అవి కొడితే తెర మీద నంబరు తప్పని చూపిస్తుంది, మళ్ళీ ఫోను చేయాలి. పోయినేడు నాలుగుసార్లు చేయించింది. పోస్టాఫీసు ఏజెంటుగా ఊరందరి పాసుపుస్తకాలు చూసే ఆ చెల్లెలికి ఆరంకెలు చదవడం రాదా అని కృష్ణకు ఒళ్ళు మండింది.

ఈసారీ బటన్ నొక్కాడు. తెర మీద చక్రం తిరగసాగింది. "చేయండమ్మా" అన్నాడు.

ఆమె స్పీకర్ పెట్టి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అయిదుసార్లయింది. వెనక నిలబడ్డవాళ్ళు సణుగుతున్నారు.

"పంతానికి ఎత్తడంలేదేమో" అన్నాడు కృష్ణ.

"అది పంతానికి మాట్లాడకుండా ఉంటాది గానీ ఫోను ఎత్తకుండా ఉండదబ్బయా." ఆమె మళ్ళీ నంబరు నొక్కింది.

"పోనీ ఈ ఏటికి వదిలేద్దాం. మీకెటూ అక్కర్లేదు గదా."

మాలకొండమ్మ చురుక్కున చూసింది. ఆ కళ్ళ నిండా నీళ్ళు. ఆమె భయం పన్ను గురించి కాదని కృష్ణకు అప్పుడు అర్థమైంది.

తొమ్మిదోసారికి ఫోను ఎత్తారు. అవతల ఎవరో దగ్గుతున్నారు. ఏదో బండి చక్రాల చప్పుడు.

"నంబరు చెప్పు" అంది మాలకొండమ్మ.

"నాలుగు... ఏడు..." గొంతు బాగా నీరసంగా ఉంది. కాసేపు ఆయాసం. "సున్నా... రెండు... రెండు... తొమ్మిది."

కృష్ణ కాగితం మీద రాసుకున్నాడు. ఈసారి ఫోను మాత్రం ఎవరూ పెట్టేయలేదు.

"యాడుండావు మే?"

"నెల్లూర్లో, ఆస్పత్రిలో. మూడు దినాలైంది. గుండెకాడ నొప్పొచ్చినాది."

"నాకెందుకు చెప్పలా?"

"ఎట్ట చెప్పేదక్కా?"

మాలకొండమ్మ సంచీ చంకన పెట్టుకుని లేచింది. కాగితాలన్నీ బల్ల మీదే వదిలేసింది. "మిగతాది నువ్వు చూసుకో అబ్బయా" అంటూ జనాన్ని తోసుకుని వెళ్ళి, నెల్లూరు ఆటోను చెయ్యెత్తి ఆపింది.

కృష్ణ కాగితం దగ్గరికి లాక్కుని, నంబరు కొట్టడానికి కంప్యూటర్ వైపు తిరిగాడు.

చక్రం ఎప్పుడో ఆగిపోయింది. సర్వర్ పనిచేయక ఓటీపీ అసలు ఎవరికీ పంపనేలేదని తెర మీద ఎర్రక్షరాల్లో ఉంది. ఆదిశేషమ్మ చెప్పిన ఆరంకెల కాగితం అతని చేతిలోనే ఉంది.